రిలీజు చేసేదెవరు?

ఒంగోలు దగ్గర పల్లెనుంచి ఒక సోదరి వ్రాస్తున్నారు: "నాన్నగారు నిరుడు కాలం చేశారు. పత్తి, మిరప వేసే నాలుగెకరాల చేను ఉన్నది. అన్నయ్య 'రిలీజు డీడు' మీద సంతకం చేయమంటున్నాడు. బ్యాంకు తనఖానుంచి చేను విడుదల అవుతుందనుకొంటున్నాను. అంతేనా?"

అమ్మా, సంతకానికి ముందే అడిగారు. చాలా మంచిపని చేశారు.

రిలీజు అంటే విడిచిపెట్టడం. వదులు చేయడం అనే లాటిను మాటనుంచి వచ్చింది. 'రిలాక్స్' దీనికి తోబుట్టువే. మనం రిలీజు అంటాం గాని ఇంగ్లీషువారు 'రిలీస్' అని పలుకుతారు. కౌలుకిచ్చే 'లీజు'కూ వేరు అదే. అయితే లీజు గడువు తీరితే చేను తిరిగి వస్తుంది, రిలీజులో రాదు.

ఈ క్రియ వినపడగానే విడిచేదెవరు, విడిచేదేమిటి అని రెండు ప్రశ్నలు వేసుకోవాలి. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీరు రిలీజు చేశారు. విడిచినది ప్రభుత్వం, అందుకొన్నది రైతు. గుంటూరు కోల్డ్ స్టోరేజీలోని మిర్చి బస్తాలమీద అప్పు తెస్తే, బాకీ తీరాక బ్యాంకు సరుకు రిలీజు చేస్తుంది. అందుకొనేది మనమే. అందుకే ఆ మాట వింటే మనకేదో వస్తున్నదనిపిస్తుంది.

తనఖా విడుదలైతే విడిచేది బ్యాంకు. దానికి బ్యాంకువారి సంతకం కావాలి. ఇక్కడ అడుగుతున్నది మీ సంతకం. కనుక విడిచేది మీరు కావచ్చు, విడిచేది మీ వాటా కావచ్చు. తెలుగులో దానిని 'హక్కు విడుదల దస్తావేజు' అంటారు. రిజిస్టరయ్యాక రద్దు చేయించడం తేలిక కాదు.

విల్లు వ్రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానభాగం ఇచ్చింది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును మన రాష్ట్రం 1986లో పెళ్లికాని కూతుళ్లకు ఇచ్చింది. 2005లో కేంద్రచట్టం పెళ్లయిన వారికీ, కానివారికీ ఆ తేడా తీసివేసింది.

అన్నగారిమీద ప్రేమతో వదులుకొంటే అది మీ యిష్టం, కాదనడానికి మేమెవరం? కాని ఆ కాగితాన్ని ముందు తెలిసిన వకీలుచేత తెలుగులో చదివించుకోండి. "విడిచిపెట్టుచున్నాను" అన్నచోట ఎవరి పేరున్నదో చూసుకొని, ఆ తరువాతే కలం పట్టండి.