కార్చిచ్చుకూ ఒక అంకె కావాలి

మార్చి వచ్చిందంటే జర్మనీ వాతావరణ శాఖ రోజూ రెండు అంకెలు చెప్పడం మొదలుపెడుతుంది. ఒకటి అడవికి, రెండోది గడ్డిమైదానాలకి. ఒకటి నుంచి ఐదు దాకా ఉంటాయి. ఒకటంటే నిశ్చింతగా ఉండమని, ఐదంటే అగ్గిపుల్ల జేబులోంచి తియ్యొద్దని. గాలిలో తేమ, ఎండ, గాలి వేగం, పడిన వాన కలిపి లెక్కకట్టిన అంకెలివి. అక్టోబరు దాకా వస్తూనే ఉంటాయి. నేనుంటున్న ఇల్మెనౌకి దక్షిణాన తురింగియా అడవి కొండలు. ఉత్తరాన దిగితే ఏడాదికి 500 మిల్లీమీటర్లు అటూఇటూగా మాత్రమే వాన పడే పొలాల మైదానం. అంచేత రెండు అంకెలూ మాకు కావలసినవే.

కొత్తగా వచ్చినవాళ్ళకి వింతగా ఉండేది ఏమిటంటే, ఇంకా చలికోటు తీయని రోజుల్లో కూడా ఆ అంకె మూడో నాలుగో ఉంటుంది. నిప్పుకి వేడి కంటే పొడి ముఖ్యం. మంచు కరిగాక మిగిలేది నిరుటి గడ్డి, చచ్చి గడ్డిపరకల రంగుకి తిరిగి, నేలకి అతుక్కుని ఉంటుంది. కొత్త పచ్చిక ఇంకా రాదు. చెట్లకి ఆకు లేదు కనక ఎండ తిన్నగా నేలమీదే పడుతుంది. తూర్పునుంచి పొడిగాలి వీస్తే, నిన్న వాన పడిన గడ్డి కూడా ఇవాళ మధ్యాహ్నానికల్లా అంటుకోడానికి సిద్ధంగా ఉంటుంది. 2025 వసంతం జర్మనీలో 1881 నుంచి ఉన్న లెక్కల్లో బాగా పొడిగా గడిచిన వసంతాల్లో ఒకటి. ఆ జులై మొదట్లో మాకు తూర్పున జాల్‌ఫెల్డ్ దగ్గరి కొండల్లో అడవి అంటుకుని సుమారు 250 హెక్టార్లలో వ్యాపించింది. 2018 నుంచీ వరస కరువులకీ, బెరడు పురుగుకీ ఎండిపోయిన స్ప్రూస్ చెట్లు ఈ కొండల నిండా ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఏటా ఫిబ్రవరి ఆఖరుకి మన వాతావరణ శాఖ కూడా మార్చి నుంచి మే దాకా ఎండలెలా ఉంటాయో అంచనా ప్రకటిస్తుంది. తెలుగు పత్రికలు దాన్ని మొదటి పేజీలో వేస్తాయి. ‘ఈ ఏడు మంటలే’ అనో, ‘ఈసారి కాస్త ఊరట’ అనో శీర్షిక. ఆ అంచనా తప్పని నేననను. కానీ అది మూడు నెలల సగటు. నిప్పు సగటు చూసి రాదు, ఒక్క మధ్యాహ్నం చూసుకుని వస్తుంది.

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ళకి ఇది గుర్తుండే ఉంటుంది. 2024 ఫిబ్రవరి 26న అమరిల్లో వైపు గడ్డిమైదానాల్లో కరెంటు లైన్ల నుంచి నిప్పు పుట్టింది. ముందటేడు వానలకి గడ్డి ఏపుగా పెరిగి ఎండి ఉంది. ఆ రోజు ఎండా, ఈదురుగాలీ కలిశాయి. పది లక్షల ఎకరాలు పైగా కాలిపోయాయి, వేలకొద్దీ పశువులు పోయాయి. మూడు రోజులు తిరక్కుండా అక్కడే మంచు కురిసింది! వానలు బాగా పడితే నిప్పు భయం తగ్గుతుందనుకుంటాం. మైదానంలో మాత్రం ఈ ఏటి వానే వచ్చే ఏటికి కట్టెలు పేరుస్తుంది. అక్కడ అలాంటి రోజులకి రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ అని ముందుగానే హెచ్చరిక ఇస్తారు. హెచ్చరిక ఉన్నా కాలింది కదా అంటారా? కాలింది. కానీ పశువుల్ని తోలుకుపోవాలా, ఊరు వదలాలా అన్నది ఆలోచించుకోడానికి కాస్త వ్యవధి దొరికింది.

మన దగ్గర అగ్గి భయం మేలో మొదలవుతుందనే లెక్క. వడదెబ్బకి మే సరే. కానీ నల్లమలలో ఆకు రాలేది శిశిరంలో. ఫిబ్రవరి, మార్చి కల్లా మోకాలు దిగబడేంత ఎండుటాకు. మన కవులు వసంతం అనగానే చిగురూ కోయిలా వైపు తలెత్తి చూశారు గానీ, కింద పడి ఉన్నదాన్ని పట్టించుకున్నది తక్కువ. (నేనూ ఆ కవిత్వం ఇష్టపడేవాణ్ణే, అది వేరే సంగతి.) శేషాచలం కొండలు తగలబడి, వాయుసేన హెలికాప్టర్లు నీళ్ళు మోసింది 2014 మార్చిలో. మే కాదు.

అలాంటప్పుడు నింద ఎవరిమీద పడుతుందో మనకి తెలుసు. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్ళు చెట్టు కింద ఆకులు కాలుస్తారు, తునికాకు లేతగా రావాలని పొదలకి నిప్పుపెడతారు అని. అందులో నిజం లేకపోలేదు. ఇక్కడ కికెల్‌హాన్ కొండమీద ఒక చెక్క గుడిసె ఉంది. 1780లో గోథే ఒక చిన్న పద్యాన్ని దాని గోడమీదే రాశాడు. 1831లో, తన 82వ పుట్టినరోజుకి ముందురోజు, మళ్ళీ ఎక్కి వచ్చి దాన్ని చూసుకున్నాడు. 1870లో ఆ గుడిసె కాలిపోయింది. అడవిపళ్ళు ఏరుకోడానికి వచ్చినవాళ్ళ అజాగ్రత్త వల్లే అంటారు. 1874లో మళ్ళీ కట్టారు. అడవిమీద బతికేవాళ్ళ చేతిలో నిప్పు ఉండడం ఏ దేశంలోనైనా ఉన్నదే. వాళ్ళని తిట్టిపోయడం తేలిక. ఇవాళ కాల్చకూడదని వాళ్ళకి ఎవరు, ఏ భాషలో చెప్పారు?

ఉపగ్రహాలు చెబుతున్నాయి కదా అనవచ్చు. భారత అటవీ సర్వే సంస్థ నిప్పు కనపడగానే ఫోన్లకి కబురు పంపుతుంది. మంచి ఏర్పాటే. కాని అది అంటుకున్నాక వచ్చే కబురు. అంటుకోక ముందు చెప్పే ప్రమాద అంచనాలు కూడా ఆ సంస్థ తయారు చేస్తుంది. అవి అధికారుల కంప్యూటర్ల దగ్గరే ఆగిపోతున్నాయి. సాయంత్రం తెలుగు వార్తల్లో విజయవాడ ఇంత, రామగుండం ఇంత అని ఉష్ణోగ్రతలు చదువుతారే, ఆ పక్కన ఇంకో అంకె చదవడానికి ఎంతసేపు పడుతుంది? ఆత్మకూరు అడవి నాలుగు, అచ్చంపేట ఐదు, అని.

ఇది అడవికే కాదు. దాళ్వా కోతలయ్యాక వరికొయ్యలకి నిప్పుపెట్టే రైతుకీ అదే అంకె కావాలి. పక్క చేలో గడ్డివామి ఉందా, గాలి ఎటు మళ్ళుతుంది అన్నది అతను చూసుకుంటాడు. సాయంత్రం గాలి పెరుగుతుందని మాత్రం అతనికి ఎవరో చెప్పాలి. 2016 ఏప్రిల్‌లో బీహారు ప్రభుత్వం, ఊళ్ళకి ఊళ్ళు తగలబడుతుంటే, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పొయ్యి వెలిగించొద్దని పల్లెలకి చెప్పింది. జనం నవ్వారు, విసుక్కున్నారు కూడా. మూడు నెలలపాటు రోజూ చెబితే విసుగే మరి. ఐదో అంకె ఉన్న నాలుగు రోజులే ఆ మాట చెబితే వింటారని నా నమ్మకం.

ఆ నాలుగు రోజుల్లో ఇప్పచెట్ల కింద ఆకు కాల్చకుండా చీపురుతో ఊడ్చమంటే, ఊడ్చినందుకు కూలీ ఇవ్వాలి. నల్లమలలో చెంచులని అటవీ శాఖ ఇప్పటికే కాపలాకి పెట్టుకుంటోంది. డబ్బు లెక్క అక్కడ మొదలుపెట్టొచ్చు.