భరణం హక్కు సరే, కోర్టు కాగితం ఏదీ? కోయిలకుంట్ల నుంచి ఒక పరిశీలన

2024 జూలై 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన ఇళ్లల్లో చాలా రోజులు చర్చకు వచ్చింది. తలాక్ అయిన ముస్లిం మహిళ కూడా సీఆర్‌పీసీ 125 సెక్షన్ కింద భరణం అడగొచ్చని జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం తేల్చి చెప్పింది. ఆ కేసు వెళ్లింది పక్కనున్న తెలంగాణ నుంచే. ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేల రూపాయల మధ్యంతర భరణం ఇవ్వమంది. హైకోర్టు దాన్ని 10 వేలకు తగ్గించింది. అది కూడా ఇవ్వనని భర్త సుప్రీంకోర్టు దాకా పోయాడు, అక్కడ ఓడిపోయాడు.

తీర్పు గురించి అనుకూలంగా, వ్యతిరేకంగా మాట్లాడినవాళ్లు చాలామందే ఉన్నారు. కోయిలకుంట్ల లాంటి ఊర్లో ఒక ఆడపిల్లకు ఆ హక్కు చేతికి రావాలంటే ముందు ఏం కావాలన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. కావాల్సింది కాగితం. గతంలో వేసిన కేసు నంబరు, అప్పట్లో ఇచ్చిన ఆర్డరు, దాని సర్టిఫైడ్ కాపీ. చాలా ఇళ్లల్లో లేనిది ఇదే.

ఒక ఉదాహరణ చూడండి. పదేళ్ల కింద కాపురం చెడి పుట్టింటికి వచ్చిన అమ్మాయి. అప్పట్లో వాళ్ల నాన్న వకీలును పెట్టి భరణం కేసు వేశాడు. ఆర్డరు వచ్చింది, కొన్నాళ్లు డబ్బులు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. నాన్న చనిపోయాడు, వకీలు ఊరు మారాడు. ఇప్పుడు ఆమె చేతిలో కేసు నంబరు కూడా లేదు. "కర్నూల్లో వేసినారో, నంద్యాల్లో వేసినారో, ఈడనే వేసినారో తెల్దు" అనే మాట ఇలాంటి ఇళ్లల్లో మామూలే. ఆమెకు హక్కు ఉంది, ఆర్డరూ ఉంది. అది ఏ బీరువాలో ఉందన్నదే తెలియదు.

ఫైలు ఏ కోర్టులో ఉంటుంది?

"ఫ్యామిలీ కోర్టు కేసు" అని అందరూ ఒకే పేరుతో పిలుస్తారు గానీ, కుటుంబ గొడవల ఫైళ్లన్నీ ఒకేచోట ఉండవు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం పది లక్షల జనాభా దాటిన నగరంలో ఫ్యామిలీ కోర్టు పెట్టడం తప్పనిసరి. మిగతా చోట్ల అవసరాన్ని బట్టి రాష్ట్ర ప్రభుత్వం పెడుతుంది. మండల కేంద్రమైన కోయిలకుంట్లలో ఉన్నది జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. ఆ జడ్జిగారే మెజిస్ట్రేటు కూడా. ఫ్యామిలీ కోర్టు కావాలంటే వేరే ఊరు పోవాల్సిందే.

అందుకే కేసు పేరు ముందు ఉండే అక్షరాలు ముఖ్యం. ఎం.సి. అని ఉంటే అది భరణం కేసు. డి.వి.సి. అంటే 2005 గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటు ముందు వేసిన కేసు. సి.సి. అంటే పోలీసులు చార్జిషీటు వేసిన క్రిమినల్ కేసు, 498-ఏ కేసులు ఎక్కువగా ఇందులోకే వస్తాయి. ఓ.ఎస్. అంటే సివిల్ దావా. ఎఫ్.సి.ఓ.పి. అని ఉంటే ఫ్యామిలీ కోర్టు ఫైలు. పిల్లల సంరక్షణ కోసం 1890 చట్టం కింద వేసినవి జి.డబ్ల్యు.ఓ.పి. పేరుతో ఉంటాయి. ఒకే జంట మీద మూడు రకాల కేసులు మూడు కోర్టుల్లో నడిచి ఉండొచ్చు. ఒకచోట "మీ ఫైలు ఇక్కడ లేదు" అన్నారంటే అసలు ఫైలే లేదని కాదు.

జిల్లా మార్పుతో ఇంకో తికమక వచ్చింది. 2022 ఏప్రిల్ 4న కోయిలకుంట్ల కర్నూలు జిల్లా నుంచి కొత్త నంద్యాల జిల్లాలోకి వచ్చింది. కలెక్టరాఫీసు మారినంత మాత్రాన పాత కోర్టు ఫైలు తనంతట తాను కదలదు. 2022కు ముందు కేసును ఆన్‌లైన్లో వెతికేవాళ్లు కర్నూలు జిల్లా కింద చూడాలి. అప్పీలు దాకా పోయిన కేసైతే ఇంకో తేదీ గుర్తుపెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడిగా మొదలైంది 2019 జనవరి 1న. అంతకుముందు అప్పీళ్లన్నీ హైదరాబాద్‌లోనే వేశారు.

నంబరు లేకుంటే ఎలా?

ఈకోర్ట్స్ వెబ్‌సైటులో, ఫోన్ యాప్‌లో పార్టీ పేరుతో, సంవత్సరంతో, వకీలు పేరుతో కూడా వెతకొచ్చు. ప్రతి కేసుకూ సీఎన్‌ఆర్ అనే 16 అక్షరాల, అంకెల నంబరు ఉంటుంది. అది దొరికితే కేసు ఎక్కడుంది, ఏ తేదీన ఏం జరిగింది అన్నది తెలిసిపోతుంది.

మన పేర్లతో మాత్రం ఒక చిక్కు ఉంది. షేక్, సయ్యద్, పఠాన్, మహమ్మద్ - ఇవి కొన్ని చోట్ల ముందు, కొన్ని చోట్ల వెనక రాస్తారు. "షేక్" అనేది ఒక ఫైల్లో పూర్తిగా, ఇంకో ఫైల్లో "ఎస్" అని ఒక్క అక్షరంగా ఉంటుంది. బేగం, బీ, బానూ అని పేరు చివర మారుతుంది. ఒక స్పెల్లింగుతో దొరకలేదని వదిలేయకుండా భర్త పేరుతో, మామ పేరుతో కూడా చూడాలి. డి.వి.సి., సి.సి. కేసుల్లో భర్త తరఫువాళ్ల పేర్లు వరసగా ఉంటాయి కాబట్టి వాటిలో దేనితోనైనా తగలొచ్చు.

కేసు కనిపించినా తీర్పు తెరుచుకోకపోవచ్చు. ఇంటి గుట్టుకు సంబంధించిన కేసుల్లో ఆర్డర్లు ఆన్‌లైన్లో పెట్టకపోవడం, పేర్లు దాచడం ఉంది. ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షనే విచారణ తలుపులు మూసి చేయొచ్చని చెబుతుంది. ఇది ఆడవాళ్లను ఇబ్బంది పెట్టేందుకు పెట్టిన అడ్డం కాదు. చిన్న ఊర్లో ఒక అమ్మాయి కోర్టులో చెప్పుకున్న మాటలు పెళ్లిళ్ల పేరయ్య దగ్గర్నుంచి పక్కింటి దాకా అందరూ చదివే పరిస్థితి వస్తే రేపు ఎవరూ కోర్టు మెట్లెక్కరు. తలుపు మూయడం మంచిదే. ఆ తలుపు కేసు వేసిన మనిషికే తెరుచుకోకపోతేనే అన్యాయం.

కాపీ అడిగే పద్ధతి

కేసులో పార్టీ అయినవాళ్లకు తీర్పు, డిక్రీ సర్టిఫైడ్ కాపీ అడిగే హక్కు ఉంది. వకీలు ద్వారానే అడగాలని లేదు. కోర్టులోని కాపీయింగ్ సెక్షన్‌లో కాపీ అప్లికేషన్ ఇవ్వాలి. కేసు నంబరు, పార్టీల పేర్లు, ఏ తేదీ ఆర్డరు, ఏ కాగితం కావాలన్నది అందులో రాయాలి. చాలా కోర్టు ప్రాంగణాల్లో ఈ-సేవా కేంద్రాలు పెట్టారు, అక్కడ కూడా సాయం అడగొచ్చు. అప్లికేషన్ ఇచ్చి ఇంటికొచ్చి కూర్చుంటే పని కాదు. కాపీ స్టాంపులు ఎన్ని కట్టాలో నోటీసు బోర్డులో పిలుస్తారు. గడువులోపు కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది.

చేతికొచ్చిన కాపీ వెనక ఒక ముద్ర ఉంటుంది. అప్లికేషన్ పెట్టిన తేదీ, చార్జీలు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ అందులో ఉంటాయి. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు వేయడానికి ఉన్నది 30 రోజులే. కాపీ కోసం పట్టిన రోజులను 1963 లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ఆ లెక్కలోంచి తీసేస్తుంది. ఎన్ని రోజులు పోయాయో చూపించేది ఆ ముద్రే.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. రెండు రకాల ఆర్డర్లకు డబ్బులు కట్టాల్సిన పనే లేదు. భరణం ఆర్డరు కాపీని ఎవరి పక్షాన వచ్చిందో వాళ్లకు ఉచితంగా ఇవ్వాలని సీఆర్‌పీసీ 128 సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అదే 147వ సెక్షన్. గృహహింస కేసులో ఆర్డరును పార్టీలకు ఉచితంగా ఇవ్వాలని ఆ చట్టం 24వ సెక్షన్‌లో ఉంది. వకీలు ఫీజు భయంతో ఆగిపోయిన మహిళలకు ఇంకో దారి న్యాయసేవా అధికార సంస్థ. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరూ ఉచిత న్యాయ సహాయానికి అర్హులే. ఫోన్ నంబరు 15100.

కేసులో లేని బంధువులు కాపీ అడగాలంటే ఎందుకు కావాలో అఫిడవిట్‌లో రాసి కోర్టు అనుమతి తీసుకోవాలి. "ఆర్టీఐ వేస్తే సరిపోతుంది కదా" అనుకునేవాళ్లున్నారు. గుజరాత్ హైకోర్టు నుంచి వచ్చిన కేసులో 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. కోర్టు ఫైళ్ల కాపీలు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలి, ఆర్టీఐ దారి కాదు.

ఖాజీ కాగితం, కోర్టు కాగితం

మన ఇళ్లల్లో అసలు గందరగోళం ఇక్కడే. నికానామా ఖాజీ దఫ్తర్లో ఉంటుంది. తలాక్‌నామా, ఖులానామా ఇంకో చోట ఉంటాయి. ఇవి రుజువులుగా పనికొస్తాయి గానీ కోర్టు రికార్డులు కావు. ఖాజీకి న్యాయాధికారం ఏదీ ఈ చట్టం ఇవ్వడం లేదని 1880 ఖాజీల చట్టంలోనే రాసుంది. ఫత్వాను బలవంతంగా అమలు చేయడానికి వీల్లేదని 2014 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది.

2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా మీద ఇచ్చిన తీర్పు ఇందులో మరో అడుగు. ఖులా కోరే హక్కు భార్యదని, భర్త ఒప్పుకోలేదనో ముఫ్తీ కాగితం ఇవ్వలేదనో అది ఆగదని, వివాహ స్థితిని తేల్చి ముద్ర వేయాల్సింది ఫ్యామిలీ కోర్టని ఆ ధర్మాసనం అంది. ఆంధ్రప్రదేశ్ కోర్టులు దానికి కట్టుబడాల్సిన పనిలేదు గానీ, వకీళ్లు చూపించి వాదించొచ్చు. 1939 చట్టం కింద కోర్టు ద్వారా విడిపోయే దారి ఎలాగూ ఉంది.

ఈ కాగితం అవసరం కోర్టుతోనే అయిపోదు. రెండో నికా మాట వచ్చినప్పుడు, పిల్లల పాస్‌పోర్టుకు, ఒంటరి మహిళ పింఛనుకు, కువైట్‌లో ఉన్న మనిషి నుంచి పిల్లల ఖర్చు రాబట్టడానికి - అన్నిచోట్లా మొదట అడిగేది "ఆర్డరు చూపించు" అనే.

గడువుల సంగతి కూడా ఉంది. భరణం బాకీ పడితే, బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలుకు పిటిషన్ వేయాలి. కాపీ కోసం తిరుగుతూ ఏడాది దాటితే ఆ నెలల డబ్బు ఈ దారిలో రాబట్టడం కష్టం. కొత్తగా భరణం అడిగేవాళ్లు గతంలో వచ్చిన ఆర్డర్లను కోర్టుకు చెప్పి తీరాలని 2020 నవంబరు 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. పాత కాగితం లేకుండా కొత్త కేసు సక్రమంగా నడవదు.

ఇంట్లో చేసుకోవాల్సిన పని

కోర్టుల వైపు లోపం లేదని కాదు. మండల కేంద్రంలో ఉన్న మనిషి తన ఫైలు ఏ కోర్టులో ఉందో తెలుసుకోవడానికి రెండు ఊర్లు తిరగాల్సి రావడం, పని మానుకుని బస్సు చార్జీలు పెట్టుకుని పోతే "నంబరు తీసుకురాపో" అనిపించుకోవడం మారాలి. ఉర్దూ 2022లో రాష్ట్రానికి రెండో అధికార భాష అయింది. అయినా కోర్టు ఫైల్లో ఉర్దూ నికానామా పెట్టాలంటే తర్జుమా కావాల్సిందే. ఆ తర్జుమాకు సాయం చేసే మనిషి కోర్టు దగ్గర ఉంటే ఎంతో మేలు.

అయితే తప్పంతా కోర్టుదే అంటే నిజం కాదు. కేసు కూతురిది, కాగితం మాత్రం నాన్న దగ్గరో అన్న దగ్గరో వకీలు దగ్గరో. "నీకెందుకమ్మా, మేం చూసుకుంటాం" అనే మాట ప్రేమతోనే అంటారు. ఆ చూసుకునే మనిషి పోయాక ఆమెకు మిగిలేది ఏమీ ఉండదు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు కూడా డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆ కాపీ కూడా ఆమె చేతిలోనే ఉండాలి. కోర్టులో ఎగ్జిబిట్‌గా పెట్టిన అసలు నికానామాను కేసు ముగిశాక, అప్పీలు గడువు దాటాక, అడిగి వెనక్కి తీసుకోవాలి. కోర్టులో అన్ని కాగితాలూ ఎల్లకాలం ఉంచరు.

మస్జిద్ కమిటీలు, జమాత్ పెద్దలు పంచాయితీ చేసేటప్పుడు ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే సగం బాధ తప్పుతుంది: "అమ్మా, కేసు నంబరు రాసిపెట్టుకున్నావా? ఆర్డరు కాపీ నీ దగ్గరుందా?" లేదంటే వచ్చే సోమవారమే ఆమెకు తోడుగా ఒకరు కోర్టుకు పోయి కాపీ అప్లికేషన్ పెట్టించాలి.