లేపాక్షి కప్పు కింద ‘వాచ్‌మెన్’

తెలుగు సాహిత్య సభల్లో గ్రాఫిక్ నవల ప్రస్తావన వస్తే రెండే రెండు సమాధానాలు వినబడతాయి. మొదటిది పెదవి విరుపు: “అవి పిల్లల బొమ్మల పుస్తకాలు కదండీ, సాహిత్యంలో వాటికేం పని?” రెండోది రొమ్ము విరుపు: “అవన్నీ మనకు ఎప్పుడో ఉన్నాయి. లేపాక్షి కప్పు మీద ఉన్నదేమిటి? తోలుబొమ్మలాట ఏమిటి? హనుమంతుణ్ణి మించిన సూపర్‌హీరో ఎవరున్నారు?” ఈ రెండూ ఒకదానికొకటి విరోధుల్లా కనిపిస్తాయి గానీ నిజానికి ఒక తల్లి బిడ్డలే. మొదటివారు బొమ్మను చూడకుండానే తోసేస్తారు. రెండోవారు చూడకుండానే దండ వేస్తారు. చదవడమనే పని మాత్రం ఇద్దరూ చెయ్యరు.

నా వాదం సూటిగా చెబుతాను. బొమ్మ అనేది చదవవలసిన వస్తువు. పద్యానికి ఛందస్సు ఉన్నట్టే కథ చెప్పే బొమ్మల వరుసకూ ఒక కట్టడి, ఒక నడక, ఒక విరామం ఉంటాయి. అవి తెలియని విమర్శ సగమే చూస్తుంది. ఆ సగం చూపు వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయింది, బొమ్మతో కథ చెప్పడంలో ఇంత ఆస్తి ఉండి కూడా తన కథను బొమ్మల్లో ఎన్నడూ చెప్పుకోలేకపోయిన అనంతపురం సీమ.

ముందు పరాయి పుస్తకం సంగతి చూద్దాం. అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ గీసి, జాన్ హిగ్గిన్స్ రంగులద్దిన ‘వాచ్‌మెన్’ను డీసీ కామిక్స్ వారు 1986-87లో 12 సంచికలుగా వెలువరించారు. ముసుగు వీరుల కథే. కానీ ఆ వీరుల్లో ఒకడు ముసుగు లేకపోతే పిరికివాడు, ఒకడు హింసను నీతి అనుకునేవాడు, ఒకడు లక్షలమందిని చంపి లోకశాంతి సాధించానని నమ్మే మేధావి. 2005లో ‘టైమ్’ పత్రిక ఎంచిన 100 ఇంగ్లీషు నవలల జాబితాలో దీనికి చోటు దొరికింది. ఆ జాబితా కోసం దీన్ని గౌరవించమని నేననను. పుటలు తెరిచి చూడండి, చాలు.

పుటకు 9 సమానమైన గళ్లు, మూడు వరుసలుగా. ఈ పుస్తకానికి ఇదే వృత్తం. ఈ వృత్తాన్ని ఎంచుకున్నది రచయిత కాదు, చిత్రకారుడు. మొదటి పుటలో మన చూపు వీధి కాలువలో నెత్తురు అంటిన ఒక నవ్వు బిళ్ల దగ్గర మొదలై, గడి గడికీ పైకి లేస్తూ, ఎక్కడో మేడ మీద పగిలిన కిటికీ దాకా పోతుంది. పైన అక్షరాల్లో నడిచేది ఒక మనిషి దినచర్య. కింద బొమ్మల్లో నడిచేది ఒక చావు తాలూకు ఎత్తు. మాట ఒకటి చెబుతుంది, బొమ్మ మరొకటి చెబుతుంది, అర్థం ఆ రెంటి నడుమ పుడుతుంది. ఇందులో బొమ్మ తీసేస్తే కథ నిలవదు. మాట తీసేసినా నిలవదు.

నాలుగో సంచికలో ఒక పాత్రకు గతం, వర్తమానం, భవిష్యత్తు ఏకకాలంలో కనిపిస్తుంటాయి. వచనంలో దీన్ని చెప్పాలంటే ఒక వాక్యం తర్వాత ఒక వాక్యం రాయక తప్పదు, కనుక ఆ ఏకకాలత్వం అక్కడే చచ్చిపోతుంది. కామిక్ పుట మీద 9 గళ్లూ ఒకేసారి కళ్లముందు ఉంటాయి. నిన్న పై వరుసలో, రేపు కింది వరుసలో. ఆ పాత్ర కాలాన్ని ఎలా చూస్తుందో పాఠకుడు పుటను అలాగే చూస్తాడు. అయిదో సంచిక మొదటి పుట నుంచి చివరి పుట దాకా అద్దంలో ప్రతిబింబంలా అమరి ఉంటుంది. పన్నెండో సంచిక తెరవగానే గళ్లన్నీ మాయమై, వరుసగా 6 పుటల నిండా శవాల గుట్టలు. అంతవరకూ తొమ్మిదికి అలవాటుపడిన కన్ను అక్కడ తట్టుకుని పడుతుంది. యతి తెలిసినవాడికే యతిభంగం తెలుస్తుంది. 2009లో జాక్ స్నైడర్ దీన్ని సినిమాగా తీసినప్పుడు ఎన్నో బొమ్మలను ఉన్నవున్నట్టుగా తెరకెక్కించాడు. అయినా ఈ గుణం అందలేదు. తెర మీద ఒకసారికి ఒక బొమ్మే ఉంటుంది మరి.

ఇది పిల్లల వ్యవహారమనేవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు. ఇక “అన్నీ మనకే ఉన్నాయిష” వర్గం దగ్గరికి వస్తాను.

లేపాక్షి వీరభద్రాలయం విజయనగర కాలపు కట్టడం, 16వ శతాబ్దిలో అచ్యుతదేవరాయల ఏలుబడి నాటిది. విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారని ప్రసిద్ధి. మండపాల కప్పు మీద పొడుగాటి పట్టీలుగా కిరాతార్జునీయం, గిరిజా కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, మనునీతి చోళుడి కథ. గళ్లు లేవు. ఒకే మనిషి ఒకే పట్టీలో మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. ఒక ఘట్టం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో మనుషులు నిలిచిన తీరును, ముఖాలు తిరిగిన దిక్కును బట్టి చూపరే పోల్చుకోవాలి. చూపరి కదలాలి, మెడ ఎత్తి నడవాలి. కథాకాలం అతని అడుగుల్లో ఉంది.

మరి ఇది కామిక్కేనా? కాదు. చేతిలో పట్టుకుని, వెనక్కి తిప్పి, ఒంటరిగా చదువుకునే అచ్చు పుస్తకం వేరు, పదిమందితో కలిసి తల పైకెత్తి చూసే కప్పు వేరు. హనుమంతుడు సూపర్‌హీరోనా? కాదు. సూపర్‌హీరో 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ల ‘సూపర్‌మాన్’తో పుట్టిన నగరవాసి. అతనికి దాచుకున్న పేరొకటి, చట్టానికి బయట నిలబడే పనొకటి. హనుమంతుడు పేరు దాచుకోడు, స్వామి కార్యం తప్ప సొంత తీర్పు ఎరుగడు, తన బలం తనకే గుర్తులేనివాడు. ఆయనకు అమెరికా బిరుదు తగిలిస్తే పెరిగేది ఆయన కాదు, తరిగేదీ ఆయనే. మన దగ్గరున్న దానికి పరాయి పేరు పెడితే తప్ప దాని విలువ కనబడదంటే, ఆ లోపం చూసే కంటిదే.

ఈ గర్వం ఎంత ఉత్తదో తెలియాలంటే ఒక్క ప్రశ్న చాలు. కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణల రూపాలు ఆ కప్పు మీదే చిత్రించి ఉన్నాయి. విరూపణ్ణ తన కళ్లు తానే పెరుక్కుని గోడకేసి కొట్టాడన్న కథ, ఆ ఎర్రటి మరకలు, ‘లోపాక్షి’ అన్న వ్యుత్పత్తి, ఇవన్నీ అక్కడికి పోయినవారందరికీ తెలుసు. గీసినవాళ్ల పేర్లు? డబ్బు పెట్టినవాడి కళ్ల గురించి కథ కట్టుకున్నాం. బొమ్మ గీసినవాడి చేతుల గురించి ఒక్క ముక్కా కట్టుకోలేదు. ఈ అలవాటు 500 ఏళ్లుగా మారలేదు. ‘చందమామ’ చిత్రకారులను మనం ప్రేమించాం, నిజమే. కానీ అక్కడా కథ మాటల్లో పూర్తయ్యాకే బొమ్మ వచ్చి పక్కన నిలబడింది. బుజ్జాయి వంటి ఒకరిద్దరు బొమ్మతోనే కథ నడిపితే వారిని ‘బాలసాహిత్యం’ అనే అరలో పెట్టి తాళం వేశాం.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళ్దాం. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు లేపాక్షితో పాటు శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడి తోలుబొమ్మల కుటుంబాలవారు మేకతోలును పారదర్శకంగా తయారుచేసి, ఉలితో చిల్లులు పొడిచి, రంగులద్దుతారు. ఆ చిల్లులు అలంకారం మాత్రమే కాదు, వెలుగు గీసే గీతలు. ఒకే పాత్రకు సందర్భాన్ని బట్టి వేర్వేరు బొమ్మలుంటాయి. బొమ్మను తెరకు ఆనిస్తే రూపం స్ఫుటమవుతుంది, దీపం వైపు లాగితే నీడ పెరిగి మసకబారుతుంది. దగ్గర, దూరం, భయం, మహిమ అన్నీ ఈ ఒక్క కదలికలో ఉన్నాయి. రామాయణం నడుస్తుండగానే జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి దూరి ఊరి పెద్దల మీద జోకులు వేస్తారు. విరాటపర్వం ఆడిస్తే వాన కురుస్తుందన్న నమ్మకం కరువు నేల మీద ఈ ఆటను బతికించింది.

2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. సంతోషించాం, సన్మానాలు చేశాం. ఆ ఊళ్లో ఇప్పుడు పూట గడిపేది ఆట కాదు, దీపాల గూళ్లు. కథ చెప్పిన తోలు డ్రాయింగు రూముల్లో బల్బుకు తొడుగైంది. బతుకుతెరువు కోసం గూడు చేసేవారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తప్పు పట్టవలసింది మనల్ని. వారిని ‘హస్తకళ’ అన్న మాటలో కుదించి, కథకులుగా ఒక్కసారీ చదవని సాహిత్యలోకాన్ని.

ఇప్పుడు అసలు విషయం. తెలుగువాడికి సూపర్‌హీరో లేడన్నది అబద్ధం. ఉన్నాడు, అతని చిరునామా మన సీమే. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చినప్పటి నుంచి తెర మీద తొడకొట్టినవాడే అతడు. 2002 నాటి ‘ఇంద్ర’లో కథానాయకుడు కాశీలో వేరే పేరుతో టాక్సీ నడుపుకుంటూ ఉంటాడు. దాచుకున్న పేరు, మానవాతీత బలం, చట్టానికి బయటి న్యాయం! సూపర్‌హీరో లక్షణాలలో తక్కువేమిటి? లోకమంతటికీ అనంతపురం, కర్నూలు, కడప అంటే వేటకొడవళ్లు, గాల్లోకి లేచే సుమోలు. ఆ బొమ్మ అబద్ధమని మన రచయితలు వచనంలో మొత్తుకున్నారు. సింగమనేని నారాయణ కథల్లో, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’లో ఉన్నది వేరే నేల. 2018లో ‘అరవింద సమేత’ ఆడవాళ్ల వైపు నుంచి కొంత ప్రశ్నించింది, కాదనను. అక్కడా ప్రశ్న అడగడానికి మళ్లీ కొడవలి పట్టిన వీరుడే కావలసివచ్చాడు. బొమ్మ చేసిన అన్యాయానికి బొమ్మతోనే జవాబు చెప్పాలి. ఆ జవాబు ఇంకా రాలేదు.

‘వాచ్‌మెన్’ అమెరికా ముసుగు వీరుణ్ణి అడిగిన ప్రశ్న ఇది: కాపలావాడికి కాపలా ఎవరు? ఈ ప్రశ్న లేపాక్షి కప్పు మీద మనకు ముందే ఉంది. మనునీతి చోళుడి కొడుకు రథం కింద లేగదూడ పడి చనిపోతుంది. తల్లి ఆవు వచ్చి ధర్మఘంట మోగిస్తుంది. రాజు తన కొడుకుకూ అదే శిక్ష విధిస్తాడు. అధికారం రథచక్రం కింద ఎవరు నలిగారో అడగడానికి ఒక గంట ఉండాలని ఆ పేరులేని చిత్రకారులు గీశారు. మన ఫ్యాక్షన్ సినిమాలో సుమో కింద ఎవరు పడ్డారని అడిగే గంట ఎక్కడుంది?

కరువు సంగతీ అంతే. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అందులోనూ వేరుశనగ పూతకొచ్చే వేళకు మొహం చాటేసే వాన. కరువు ప్రతినాయకుడు కాదు, చెంప మీద కొట్టడానికి దానికి ముఖం లేదు. “మూడేళ్లు వానల్లేవు” అని వచనం ఒక్క వాక్యంలో దాటేస్తుంది. సినిమాకు అంత ఓపిక లేదు. ఒక పుట ఊహించండి: 9 గళ్లు, తొమ్మిదింటిలోనూ ఒకటే చేను, ఒకే చోటు నుంచి చూపు. గడికొక ఏడు. రెండో గడిలో ఒక బోరు, నాలుగో గడిలో మూడు, ఆరో గడికి చెట్టు లేదు, ఏడో గడికి ఇంటికి తాళం, ఎనిమిదో గడిలో బెంగళూరు బస్సు దుమ్ము, తొమ్మిదో గడిలో చేను ఒక్కటే. ఒక్క మాట అక్కర్లేదు. ఈ పని ఈ ప్రక్రియ మాత్రమే చెయ్యగలదు. అందుకే నేను దీని కోసం వాదిస్తున్నాను. ఫ్యాషన్ కోసం కాదు.

“రంగుల అచ్చుకు డబ్బెక్కడిది?” అంటారు. మర్జాన్ సత్రపి ‘పర్సెపోలిస్’ నలుపు తెలుపులోనే లోకమంతా తిరిగింది. “మన జానపద చిత్రకారులు కామిక్స్ గీయగలరా?” అంటారు. 2011లో నవయాన ప్రచురించిన ‘భీమాయన’ చూడండి. అంబేడ్కర్ జీవితాన్ని గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు. మనుషులను పెట్టెల్లో బంధించబోమన్నారు. గళ్లు మానేసి తమ ఇంటి గోడల ముగ్గు తీగలతో పుటను విభజించారు. కొత్త వృత్తం పుట్టింది. నిమ్మలకుంట చేతికి ఆ అవకాశం మనమెన్నడైనా ఇచ్చామా?

కనుక అడగవలసినవి మూడు. ప్రచురణకర్తలు చిత్రకారుడి పేరును అట్ట మీద రచయిత పేరు పక్కన, అదే కొలతలో వెయ్యాలి, ప్రతిఫలం కూడా అదే కొలతలో ఇవ్వాలి. విమర్శకులు “బొమ్మలు కథకు వన్నె తెచ్చాయి” అన్న ఒక్క వాక్యంతో చేతులు దులుపుకోవడం మానాలి. గడి ఎందుకక్కడ ముగిసిందో, చూపు ఎవరిదో, మాట ఎందుకు మౌనం వహించిందో రాయాలి. తోలుబొమ్మల కుటుంబాలను పిలిచేవారు శాలువా తేవడం మాని కథ తేవాలి, అది కూడా వారు మార్చుకునే హక్కుతో సహా.

ఇవేవీ చెయ్యకుండా “మనకు లేపాక్షి ఉంది” అనడం తాతల నాటి నేతుల వాసన చూపించడమే. ఈ నేల మీద, ఈ నేల బొమ్మలతో, ఈ నేల కథ ఒక పుస్తకంగా వచ్చేదాకా ఆ పెదవి విరుపూ, ఈ రొమ్ము విరుపూ రెండూ కట్టిపెడితే మంచిది.