డాక్టరు పట్రీషియా బాత్ - మన బాలికల కంటద్దములు

కంటద్దములు పెట్టుకొన్న బాలికను తోడిపిల్లలు "సోడాబుడ్డి" యని వెక్కిరింతురు. ఇంటికి పోయినచో, అద్దములు పెట్టుకొన్న పిల్లకు సంబంధములు రావని పెద్దలు బెదరింతురు. అంతట ఆ బాలిక అద్దములను సంచిలో దాచి, వెనుక బల్లపై కూర్చుండి, నల్లబల్లపై వ్రాసిన లెక్క కానరాక, తుదకు మొద్దను పేరు గడించును. తెల్లాపూరు పిల్లలయందేగాక, రామచంద్రాపురము, పటాన్‌చెరువు ప్రాంతములనుండి వచ్చు పిల్లలయందును మేము దీనిని చూచుచున్నాము. కావుననే ఈ సంచికలో ఒక నేత్రవైద్యురాలిని గూర్చి వ్రాయదలచితిమి.

డాక్టరు పట్రీషియా బాత్ 1942వ సంవత్సరము నవంబరు 4వ తేదీన న్యూయార్కు నగరమందలి హార్లెమ్ అను నల్లజాతివారి పేటలో జన్మించెను. తండ్రి ట్రినిడాడు ద్వీపమునుండి వచ్చి, భూగర్భమున నడచు రైలుబండిని నడుపుచుండెను. తల్లి పరుల యిండ్లలో పనిచేయునది. ఆ తల్లియే కుమార్తెకు రసాయనశాస్త్ర పరికరముల పెట్టెను కొనిపెట్టెను. (మన తల్లిదండ్రులు ఈ వాక్యమును మరియొకసారి చదువవలెనని మా మనవి.) ఆఫ్రికాఖండమున కుష్ఠరోగులకు సేవచేసిన మిషనరీ వైద్యుడు ఆల్బర్టు ష్వైట్జరుగారి సేవ ఆ బాలిక మనస్సునకు హత్తుకొనెను. 1968లో ఆమె హోవర్డు విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను.

పిమ్మట ఆమె హార్లెమ్ ఆసుపత్రిలోను, కొలంబియా విశ్వవిద్యాలయపు నేత్రవైద్యశాలలోను పనిచేసెను. రెండును ఒకే నగరములోనివి. అయినను హార్లెమ్‌నకు వచ్చు నేత్రరోగులలో ఇంచుమించు సగముమంది చూపు పోయినవారో, మందగించినవారో యై యుండిరి. కొలంబియాలో అట్టివారు అరుదు. ఇతరులును ఈ భేదమును చూచియే యుందురు, ఈమె లెక్కించెను. నల్లజాతివారియందు అంధత్వము తెల్లవారికంటె రెండింతలుగా నున్నదని తేల్చెను. కారణము పుట్టుకయందు కాదనియు, సకాలమున వైద్యుడు అందకపోవుటయే ప్రధాన కారణమనియు చెప్పెను. చెప్పి యూరకుండలేదు. కొలంబియాలోని ఆచార్యులను ఒప్పించి, హార్లెమ్‌లోని బీదలకు ఉచితముగా శస్త్రచికిత్సలు చేయించెను. శిక్షణ పొందిన సేవకులే వృద్ధుల యిండ్లకును బడులకును పోయి కన్నులు పరీక్షించు "సమాజ నేత్రవైద్యము" అను పద్ధతికి ఈ లెక్కయే మూలము.

1975లో లాస్ ఏంజెలిసునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు నేత్రవైద్యశాఖలో అధ్యాపకురాలైన మొదటి స్త్రీ ఈమెయే. అచ్చట ఆమెకు నేలమాళిగలో, ప్రయోగశాలలోని జంతువుల ప్రక్కన గది చూపిరి. ఆమె కలహింపలేదు, ఇది తగదని చెప్పి, తగిన గదిని పొందెను. 1981లో ఆమెకు కంటి శుక్లమును లేసరు కిరణములతో తీయు ఆలోచన కలిగెను. కంటికి చిన్న గాటు పెట్టి, సన్నని గొట్టముద్వారా కిరణములను పంపి, మసకబారిన కటకమును కరగించి, నీటితో కడిగి పీల్చివేసి, ఆ చోట క్రొత్త కటకము నమర్చుట దీని పద్ధతి. ఈ పనికై ఆమె బెర్లినునకు పోయి లేసరులను పరిశోధించెను. 1988లో పేటెంటు లభించెను. వైద్యపరికరమునకు పేటెంటు పొందిన మొదటి నల్లజాతి వైద్యురాలు ఈమెయే. 2019 మే 30వ తేదీన దివంగతురాలయ్యెను.

లోకము ఈ యంత్రమునే పొగడుచున్నది. కాని నేడు పెద్ద ఆసుపత్రులలో శుక్లములను తీయుటకు విరివిగా వాడబడునది అల్ట్రాసౌండు పద్ధతి. ఆమె చేసిన పనులలో యంత్రముకంటె హార్లెమ్‌లో చేసిన లెక్కయే గొప్పదని మా యభిప్రాయము. యంత్రము ఆసుపత్రికి రాగలిగిన వానికి మేలుచేయును; లెక్క, రానివాడెవ్వడో చూపును.

మన దేశమునను ఈ మార్గమున నడచినవారు లేకపోలేదు. చలనచిత్ర నిర్మాత ఎల్. వి. ప్రసాద్‌గారి దానముతో, గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున నేత్రవైద్యసంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థ నగరముతో తృప్తిపడక, 1996లో నాటి ఆదిలాబాదు జిల్లాలోని ముధోలునందు గ్రామీణ కేంద్రమును తెరచెను. తరువాత పల్లె యువతీయువకులకే శిక్షణ నిచ్చి, చిన్న దృష్టికేంద్రములను నడిపించెను. 2018 ఆగస్టు 15వ తేదీన మెదకు జిల్లా మల్కాపూరునందు ఆరంభమైన "కంటి వెలుగు"లో ప్రభుత్వమే ఊరూర పరీక్షలు చేసి ఉచితముగా అద్దము లిచ్చెను. 2023లో మరల అట్లే చేసెను.

ఇట్లు వైద్యము గుమ్మమువరకు వచ్చినది. వచ్చిన అద్దములు మాత్రము సంచిలోనే యున్నవి. హార్లెమ్‌లో అడ్డుపడినది బీదతనము. ఇచ్చట అడ్డుపడుచున్నది మన నాలుక. మగపిల్లవాని అద్దములు చదువరితనమునకు గుర్తట, ఆడపిల్ల అద్దములు లోపమట! ఈ తీర్పు చెప్పిన న్యాయాధిపతి యెవరో మాకు తెలియదు.

కావున మా కోరిక యిది. వచ్చే జూనులో బడి తెరచిన మొదటి వారముననే ప్రతి తరగతియందును కంటిపరీక్ష జరుగవలెను. చూపు తక్కువైన పిల్లల లెక్కను బాలురకు వేరుగ, బాలికలకు వేరుగ వ్రాసి, అద్దములు కలిగియు పెట్టుకొననివారు ఎందరో అందు చేర్చవలెను. పేరులు వ్రాయవలదు. ఆ లెక్కను తల్లిదండ్రుల సభలో చదువవలెను. అక్షరముల పట్టిక వెల స్వల్పము. దానిని తగిలించి ఆరు మీటర్ల దూరమున పిల్లలను నిలుపుటకు తరగతుల ముందరి వసారా చాలును.