బస్తరులో టికెట్టు ఎవరి చేతిలో ఉంది?

2025 జూన్ 24న న్యూయార్కు నగరంలో డెమోక్రాటిక్ పార్టీ సభ్యులు మేయరు పదవికి తమ అభ్యర్థిని ఎన్నుకున్నారు. మాజీ గవర్నరు ఆండ్రూ క్యూమో వెనుక కోటీశ్వరులు సుమారు రెండున్నర కోట్ల డాలర్ల నిధిని నిలబెట్టారు. అయినను అద్దె యిండ్లలో నివసించేవారి పక్షాన మాట్లాడిన జోహ్రాన్ మమ్దానీయే నెగ్గాడు. ఈ వార్త వచ్చింది మొదలు మన మధ్య ఒక వాదం బయలుదేరింది. మన పార్టీలు కూడా అభ్యర్థులను సభ్యుల ఓటుతో నిర్ణయిస్తే చాలునట, ధనబలం దానంతటదే కూలిపోతుందట. ఈ వాదాన్ని మేము అంగీకరించలేము. చెడ్డ ఉద్దేశంతో చేసినదని కాదు, సగం లెక్క మాత్రమే చెప్పినదని.

మిగతా సగం ఇది. ఆ నగరవాసి ఇచ్చే చిన్న చందాకు, నిర్ణీత పరిమితిలో, ఒక డాలరుకు ఎనిమిది డాలర్ల చొప్పున నగర ఖజానా జత చేస్తుంది. ఇది అక్కడి చట్టం. బీదవాని అభ్యర్థి ఒట్టి చేతులతో గెలువలేదు. ఈ సంగతి విడిచిపెట్టి గెలుపును మాత్రమే చాటేవారు మన కార్యకర్తలకు మేలు చేయడం లేదు.

మన దేశంలో టికెట్టు ఎలా నిర్ణయమవుతుందో చూడండి. 2014లో కాంగ్రెసు పార్టీ పదిహేను, పదహారు లోక్‌సభ స్థానాలలో సభ్యుల ఓటుతో అభ్యర్థులను ఎన్నుకునే ప్రయోగం చేసి, ఆపైన దానిని మరచిపోయింది. 2024లో బస్తరు స్థానానికి అప్పటి సభ్యుడు, రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు కూడా అయిన దీపక్ బైజ్‌ను పక్కకు తప్పించి కవాసీ లఖ్మాను నిలిపారు. లఖ్మా అడిగినది తన కుమారుని కొరకు. అబ్బాయికి పిల్లను చూడమంటే తననే పెండ్లిపీటల మీద కూర్చోబెట్టారని ఆయనే సభలలో నవ్వులాడారు. ఆ పెండ్లిలో బస్తరు సాధారణ కార్యకర్తను పిలిచి అడిగిన వారెవరు? ఎదుటి పార్టీ పద్ధతి ఇంతకంటె మెరుగని చెప్పడానికి ఆధారమేమీ లేదు. అక్కడా జాబితా ఢిల్లీ నుండియే వెలువడుతుంది.

అయితే బస్తరు ప్రజలు ఈ టికెట్ల పెత్తనానికి మొదటినుండీ తలవంచినవారు కారు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో, దేశమంతటా కాంగ్రెసు గాలి వీస్తున్న రోజులలో, ముచాకీ కోసా అనే ఆదివాసి స్వతంత్రుడుగా నిలిచి నూటికి 83 ఓట్లు సంపాదించాడు. ఓడిన కాంగ్రెసు అభ్యర్థి పేరు సుర్తి కిష్టయ్య; ఆ పేరు వినగానే మన సరిహద్దు ఎంత దగ్గరో తెలుగు పాఠకునికి తోచకపోదు. తరువాత 1962లోను, 1967లోను, 1971లోను కూడా ఈ నియోజకవర్గం స్వతంత్రులనే లోక్‌సభకు పంపింది.

ఈ చరిత్ర చెప్పి మురిసిపోయేవారిని కూడా మేము హెచ్చరించక తప్పదు. కోసా వెనుక సంఘం లేదు, రాజప్రాసాదం ఉంది. మహారాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ అండ అతని బలం. 1966 మార్చి 25న జగదల్‌పూర్ ప్రాసాదంలో పోలీసు కాల్పులలో ఆ మహారాజూ, ఆయనతో కొందరు ఆదివాసులూ హతులయ్యారు. ప్రజలు తాము కట్టుకున్న నిర్మాణం కాక ఒక వ్యక్తి నీడను నమ్ముకుంటే, ఆ వ్యక్తితోనే నీడా పోతుంది.

ఇక ధనం సంగతి. బైలదిలా ఇనుము కొత్తవలస మార్గాన విశాఖ రేవుకు చేరుతున్నది 1960ల చివరినుండి. ఆ గనులలో యంత్రాలు ప్రవేశించినప్పుడు కాంట్రాక్టు కూలీలను తొలగించబోగా, ఎదురునిలిచిన కార్మికులపై 1978 ఏప్రిల్ 5న కిరందుల్‌లో కాల్పులు జరిగాయి. 2005లో లోహండిగూడ ప్రాంతంలో టాటా ఉక్కు కర్మాగారానికి ఒప్పందం కుదిరితే పది గ్రామాల భూమి చిక్కులో పడింది. కర్మాగారం రాలేదు, 2019లోగాని ఆ భూమి రైతులకు తిరిగి దక్కలేదు. ఆ పోరాటంలో ముందు నిలిచిన మనీష్ కుంజామ్, ఆనాటి సి.పి.ఐ. నాయకుడు, 1990 దశకంలో కొంటా నుండి రెండుసార్లు శాసనసభకు ఎన్నికైనవాడు. తరువాతి ఎన్నికలలో మాటిమాటికి ఓడిపోయాడు. 2014లో పాఠశాల ఉపాధ్యాయిని సోనీ సోరి ఆమ్ ఆద్మీ పార్టీ పక్షాన బస్తరు లోక్‌సభకు పోటీ చేసింది. 2011లో అరెస్టై చెరసాలలో ఉండి, బెయిలుపై వెలుపలికి వచ్చినది అప్పటికి కొద్ది నెలల క్రితమే. ఆమెకు వచ్చిన ఓట్లకంటె నోటాకు పడినవి ఎక్కువ. 2022లో చివరి కేసు కూడా న్యాయస్థానంలో వీగిపోయింది. ఓట్ల లెక్క మాత్రం ఎవరూ తిరిగి తెరువరు గదా!

వీరు ఓడింది ప్రజలకు ఇష్టులు కాకనా? షెడ్యూల్డు తెగల అభ్యర్థి కట్టవలసిన ధరావతు 12,500 రూపాయలు. అభ్యర్థి ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితి నేడు 95 లక్షలు. పార్టీ ఖర్చుకు పరిమితియే లేదు. కంపెనీల విరాళాలపై ఉన్న ఏడున్నర శాతం కట్టుబాటును 2017లో తొలగించారు. ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసినా, ఆ కట్టుబాటు లేనికాలంలో చేరిన డబ్బు చేరినచోటనే ఉంది.

ప్రభుత్వ ధనంతో ఎన్నికలు జరపాలని 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ సిఫారసు చేసింది. ఆయన కార్మికోద్యమ పెద్దలలో ఒకరు, ఆయనపట్ల మాకు గౌరవం కొరవడదు. కాని ఆ సిఫారసు గుర్తింపు పొందిన పార్టీలకే పరిమితం. స్వతంత్రులకు అందులో పైసా లేదు. అనగా ముచాకీ కోసా నేడు నిలబడినా ఆ పథకం అతన్ని చూడదు. ఈ లోపాన్ని మనం ఇన్నాళ్ళూ గట్టిగా ఎత్తిచూపకపోవడం మన తప్పే.

మరొక తప్పు కూడా ఒప్పుకోవలసి ఉంది. ఇతర పార్టీల గదులను విమర్శించే మేము, సంఘాల పక్షాన అభ్యర్థిని నిలిపినప్పుడు ఎన్నిసార్లు సర్వసభ్య సమావేశాన్ని అడిగాము? నలుగురం కూర్చుని పేరు వ్రాసి, మరునాడు కరపత్రం అచ్చువేయించిన సందర్భాలు మా జ్ఞాపకంలో ఉన్నాయి. గని గేటు దగ్గర రూపాయి చందా ఇచ్చినవాడు అభ్యర్థిని కూడా తానే ఎంచుకోవాలి. ఖర్చు లెక్క అదే గేటు మీద అంటించాలి. రాబోయే జనరల్ కౌన్సిల్‌లో ఈ రెండు విషయాలు తీర్మానంగా రావాలని మేము కోరుతున్నాము.

తక్షణం చేయదగిన పని ఒకటి ఉంది. 2024లో బస్తరు పోలింగు ఏప్రిల్ 19న జరిగింది. సరిహద్దు ఆదివాసులు ఏటా మిర్చి కోతలకు ఖమ్మం, భద్రాచలం వైపు వచ్చే కాలం ఇంచుమించు ఏప్రిల్ వరకు సాగుతుంది. పోలింగు నాడు కూలితో సెలవు ఇవ్వాలని 1951 చట్టంలోని 135-బి సెక్షను చెబుతున్నది; బస్సు ఛార్జీ ఎవరు పెట్టుకోవాలో చెప్పడం లేదు. ఆ ఖాళీలోనే డబ్బున్న అభ్యర్థి లారీ వచ్చి ఆగుతుంది, ఎక్కినవాడు ఎవరికి ఓటు వేయాలో దారిలోనే నిర్ణయమవుతుంది. ఖమ్మం, భద్రాచలం శాఖలు ఈసారి కోతలు మొదలుకాగానే కళ్ళాల వద్దకు పోయి, ఏ ఊరివారు ఎందరున్నారో పేర్లు వ్రాసుకుని, సంఘం ఖర్చుతో పంపడానికి ఎంత అవసరమో అంచనా వేసి కేంద్ర కార్యాలయానికి తెలుపవలెను.