సంతకం పెట్టే హక్కు

శంషాబాద్ విమానాశ్రయం ఆవరణలో విమానాలకు మరమ్మతులు చేసే హ్యాంగర్లున్నాయి. పని అయిపోయినంత మాత్రాన విమానం అక్కడి నుంచి బయటికి రాదు. అధికారమున్న ఇంజినీరు చూసి, చేయాల్సిన పని చేయాల్సినట్టే జరిగిందని, ఎగరడానికి ఇవ్వొచ్చని సంతకం పెట్టాలి. కంపెనీ ఎంత పెద్దదైనా ఆ కాగితం మీద ఒక మనిషి పేరుండాలి. రేపు ఏదైనా జరిగితే ముందు ఆ పేరునే అడుగుతారు.

కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ లోకంలోనూ 2004 నుంచి ఇలాంటి సంతకమే నడుస్తోంది. అంతకు ముందు ఏడాది మార్చిలో ఎస్‌సీవో అనే అమెరికా కంపెనీ, తన యూనిక్స్ కోడ్‌ను లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కలిపేశారంటూ ఐబీఎంను కోర్టుకు లాగింది. ఆ వ్యాజ్యం 2021లో గానీ తెమల్లేదు. ఈలోగా లినక్స్ రాసేవాళ్లకు ఒక సంగతి తెలిసొచ్చింది: ఏ పంక్తి ఎవరి చేతి నుంచి వచ్చిందో చూపించలేకపోతే అందరి శ్రమా ప్రమాదంలో పడుతుంది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ పెట్టిన నియమం చాలా చిన్నది. పంపే ప్రతి మార్పు కింద ‘సైన్డ్ ఆఫ్ బై’ అంటూ పేరు, ఈమెయిల్ రాయాలి. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో కమిట్ చేసేటప్పుడు ఒక గీత, ఒక ‘ఎస్’ కొడితే ఆ పంక్తి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. దాని వెనకున్న ప్రమాణం మాత్రం బరువైనది. దీన్ని నేను రాశాను, లేదా ఇవ్వదగిన చోటి నుంచి తెచ్చాను. ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది. ఈ పేరు ఎప్పటికీ బహిరంగంగా ఉంటుందని నాకు తెలుసు.

ఆ ‘ఇచ్చే హక్కు’ దగ్గరే మన పిల్లల చేయి ఆగిపోతోంది.

ఏటా ఒక శనివారం సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినోత్సవం జరుపుకుంటారు. అదీ 2004లో మొదలైందే. తెలుగువాళ్లకు ఈ స్వేచ్ఛ విలువ వేరే చెప్పనక్కర్లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా పంచిపెట్టకపోయి ఉంటే యూనికోడ్ తెలుగు తొలిరోజుల్లో ఎంత ఇబ్బంది పడేవాళ్లమో అప్పట్లో టైప్ చేసినవాళ్లకు తెలుసు. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చే పని నెత్తికెత్తుకుంది. ఇలాంటి పనులకు ఇంకా ఎన్నో చేతులు కావాలి.

ఇప్పుడు ఒక అమ్మాయిని ఊహించండి. అర్ధరాత్రి దాటాక విమానం. చెకిన్ అయిపోయింది. సొంత ల్యాప్‌టాప్, సెలవు రోజు. ఒక ఫాంట్‌లో ‘స్త్రీ’ అని కొడితే వత్తులు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. గంట కూర్చుని సరిచేసింది. పంపబోతుంటే అపాయింట్‌మెంట్ లెటర్‌లోని పేరా గుర్తొచ్చింది: ఉద్యోగంలో ఉన్నంత కాలం మీరు తయారుచేసినదంతా కంపెనీదే. హెచ్‌ఆర్‌ను అడిగితే లీగల్‌ను అడగమంటారు. లీగల్‌ను అడిగితే మేనేజర్ మెయిల్ కావాలంటుంది. మేనేజర్‌కు ‘ఎందుకొచ్చిన గొడవ’ అనిపిస్తుంది. సరిచేసిన ఫైలు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది.

చట్టం ఆమెకు పూర్తిగా ఎదురు నిలిచిందా అంటే, అదీ లేదు. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కిందే లెక్కగడుతుంది. 17వ సెక్షన్ యజమానికి కట్టబెట్టేది ఉద్యోగ విధుల్లో భాగంగా చేసినదాన్ని మాత్రమే. అదే సెక్షన్ పత్రికల్లో పనిచేసే మావంటివారికి ఇంకాస్త ఉదారంగా ఉంది: వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో ప్రచురించుకునే హక్కే యజమానిది, మిగతాదంతా రాసినవాడిదే. ఆ ఉదారత ప్రోగ్రామర్‌కు దక్కలేదు. ఉన్న కాస్త రక్షణను కూడా మొదటిరోజు చదవకుండా సంతకం పెట్టిన ఒప్పందం మింగేస్తోంది.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1984 జనవరిలో ఎంఐటీ ఉద్యోగం మానేసింది ఇందుకే. తాను రాయబోయే గ్నూ సాఫ్ట్‌వేర్ మీద విశ్వవిద్యాలయం హక్కు అడగకూడదని. ఈమాక్స్ వంటి గ్నూ ప్రాజెక్టులు చెప్పుకోదగ్గ మార్పు పంపేవాళ్ల నుంచి ఈనాటికీ హక్కుల బదిలీ పత్రం అడుగుతాయి. అవసరమైతే ‘ఇది మాది కాదు’ అని యజమాని చేత రాయించుకు రమ్మంటాయి. మరోపక్క, మనవాళ్లు వేలాదిగా పనిచేస్తున్న కాలిఫోర్నియాలో, సొంత వేళలో, సొంత సామగ్రితో, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేకుండా కనిపెట్టినదాన్ని యజమాని లాక్కోకూడదని 1979లోనే చట్టం చేశారు. గిట్‌హబ్ 2017లో ఇదే ధోరణిలో ఉద్యోగ ఒప్పందం నమూనా తయారుచేసి, ఎవరైనా వాడుకోవచ్చని బయట పెట్టింది.

కంపెనీల భయం ఉత్తుత్తిది కాదు. క్లయింటు కోడ్ ఒక్క పేజీ బయటికి పొక్కినా నష్టం పెద్దది. ఆ కంచె ఉండాల్సిందే. కానీ క్లయింటు బ్యాంకు కోడ్‌కూ, తెలుగు వత్తుకూ తేడా చెప్పలేని కంచె ఎవరిని కాపాడుతున్నట్టు? అదే కంపెనీ సర్వర్లు నడిచేది లినక్స్ మీదే కదా. ఎవరో, ఎక్కడో, ఏ యజమానో అడ్డుపడకపోబట్టే అది వాళ్ల చేతికొచ్చింది.

క్యాంపస్ నియామకాల కాలమిది. హైదరాబాద్ కంపెనీలు ఈసారి ఇచ్చే ఆఫర్ లెటర్లలో ఆ ఒక్క పేరా తిరగరాయాలి: మీ పనికి సంబంధించినది మాది, మీ సొంత వేళలో మా వ్యాపారంతో సంబంధం లేకుండా చేసింది మీది. అనుమానం వస్తే అడగడానికి ఒకే ఈమెయిల్, జవాబుకు వారం గడువు. తెలంగాణ ఐటీ శాఖ ఇలాంటి ఒప్పందం నమూనాను తెలుగులోనూ తయారుచేయించి, తన ప్రోత్సాహకాలు అందుకునే ప్రతి సంస్థ ముందూ పెట్టాలి.