ఇరుసుకు కందెన: వాహనపూజకు పూర్వాంగం



గత మాఘమాసంలో ఒక సాయంసంధ్యవేళ మా ఆలయంలో తీర్థమిస్తుండగా, నిత్యదర్శనానికి విచ్చేసే ఒక భక్తురాలు నా చేతివంక చూచి, "స్వామీ, గోళ్ళసందుల్లో ఆ నలుపేమిటి?" అని అడిగారు. "మోటారుసైకిలు విప్పి గ్రీజు పూశానమ్మా" అన్నాను. ఆమె తీర్థం స్వీకరించే వెళ్ళారు. మరునాడు మాత్రం ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని వచ్చి, "ఇది అర్చకుడు చేయదగిన పనియేనా?" అని ప్రశ్నించారు. ఆ ప్రశ్నలో ఒక సగం న్యాయమైనదే. గోళ్ళు పూర్తిగా శుభ్రపడకుండా నేను తీర్థపాత్ర ముట్టుకొనడం దోషమే. అందుకు ప్రాయశ్చిత్తంగా చేయవలసినది చేసుకున్నాను. రెండవ సగం, అంటే ఆ పనియే అర్చకునికి తగనిదన్న భావం, నాకు అంగీకారం కాలేదు. ఆ మాట ఆస్తిక మహాశయుల ముందుంచడానికే ఈ వ్యాసం.

మా నివాసం మొజంజాహీ మార్కెట్ వెనుక, జాంబాగ్ వైపు ఒక గల్లీలో. 1935లో నిజాం ప్రభువు తన ద్వితీయ కుమారుని పేరిట నిర్మింపజేసిన ఆ నల్లరాతి విపణి గడియారస్తంభం మా ఇంటి డాబా మీదికి కనిపిస్తుంది. జాంబాగ్ పూలబజారు ఇక్కడ ఉన్నంతకాలం స్వామివారి పుష్పాలకు నాకు వాహనంతో పనిలేదు. పాదచారినై వెళ్ళి గంపతో తిరిగివచ్చేవాడిని. ఆ బజారు గుడిమల్కాపురానికి తరలివెళ్ళిన నాటినుండి, బ్రాహ్మీముహూర్తంలో నాంపల్లి, మల్లేపల్లి మీదుగా వెళ్ళిరావడం నిత్యకృత్యమైంది. అందుకు ఆధారం పాతికేళ్ళనాటి హీరో హోండా స్ప్లెండర్. ప్రతి ఆయుధపూజకూ దానికి పసుపుకుంకుమలు, పుష్పమాల, చక్రాల క్రింద నిమ్మకాయలు. ఈ ఉపచారాలలో ఏ సంవత్సరమూ లోపం చేయలేదు. ఆయిలు మార్పించడం తప్ప దాని అంతర్భాగం గురించి విచారించినదీ లేదు.

పుష్యమాసంలో ఒకనాడు తెల్లవారుజామున ధర్మపత్నిని వెనుక కూర్చోబెట్టుకొని, పూలగంపతో తిరిగివస్తూ నాంపల్లి కూడలిలో మలుపు తిప్పబోయాను. హ్యాండిలు కదలలేదు. బలం ప్రయోగించేసరికి ఒక్కసారిగా అవసరానికి మించి తిరిగింది. పడిపోయాము. ఎదురుగా వస్తున్న ఆటోవాడు సకాలంలో ఆగాడు. ఆమె మోచేయి చీరుకుపోయింది, చామంతులన్నీ రోడ్డుపాలు. "ఆ పరమేశ్వరుడే కాపాడాడు" అన్నాను లేస్తూ. ఆమె, "ఆయన కాపాడాడు సరేనండీ, హ్యాండిలు పట్టేస్తున్నదని నెలరోజులుగా చెబుతూనే ఉన్నారుగా" అన్నది. నా దగ్గర సమాధానం లేదు.

మా బండి చూచే ఉస్తాద్ నాంపల్లి స్టేషను దాపున ఒక గల్లీలో నలభై ఏళ్ళు మెకానిక్కుగా ఉండి, చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం మూసివేశాడు. ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాను. "పంతుల్ సాబ్, కోన్‌సెట్ పోయింది. నా చేతులు ఇక పనికిరావు. నోరు పనిచేస్తుంది. మీరు విప్పండి, నేను చెబుతాను" అన్నాడు. గురుముఖతః విద్య అభ్యసించడం నాకు బాల్యంనుండి అలవాటైనదే గనుక అంగీకరించాను. మూడు ఆదివారాలు, మధ్యాహ్న నైవేద్యానంతరం, ఉస్తాద్ మా వాకిట్లో స్టూలు మీద కూర్చొని చెప్పడం, పానా పట్టి నేను చేయడం.

ఇంజను జోలికి పోలేదు. ముందుచక్రం, వెనుకచక్రం, బ్రేకులు, గొలుసు, హ్యాండిలు కంఠభాగం, ఇవన్నీ విప్పాము. విప్పిన ప్రతి భాగాన్నీ పాత పంచె మీద విప్పిన క్రమంలోనే పేర్చమన్నాడు. బిగించేటప్పుడు చివరినుండి మొదటికి రావాలట. పదపాఠం, క్రమపాఠం వల్లించిన వానికి ఇది కొత్త కాదు. నా పంచెను చూచి ఉస్తాద్, తన శిష్యులెవ్వరూ ఇంత శుభ్రంగా పేర్చలేదన్నాడు. యాభై ఏళ్ళు దాటినాక దొరికిన ఆ ప్రశంస నాకు ఎందుకో సంభావన కంటె ఎక్కువ సంతోషమిచ్చింది.

కంఠభాగంలో పైన ఒకటి, క్రింద ఒకటి ఉక్కు గిన్నెలుంటాయి. వాటిలో ఛర్రాలని పిలిచే చిన్న ఉక్కుగోళీలు వలయాకారంగా కూర్చుంటాయి. హ్యాండిలు తిరగడమంటే ఆ గోళీలు దొర్లడమే. గ్రీజు ఎండిపోతే, గోతులలో పడినప్పుడల్లా తగిలే దెబ్బకు గోళీలు గిన్నె మీద గుంటలు చేస్తాయి. బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది గనుక, ఆ గుంటలు తిన్నని స్థితిలోనే పడతాయి. అటుపిమ్మట హ్యాండిలు ఆ స్థితికి రాగానే గోళీలు పాత గుంటలలోకి జారి అక్కడే నిలిచిపోతాయి. మలుపు వచ్చినా కదలవు. డీజిలుతో కడిగి ఆ గిన్నెను వెలుతురులోకి ఎత్తి చూచినప్పుడు, వరుసగా పడిన ఆ చిన్ని గుంటలు స్పష్టంగా కనిపించాయి. 'వాసన' అనే శాస్త్రపదానికి ఇంతకంటె ప్రత్యక్షమైన ఉదాహరణ నాకు పాఠశాలలో లభించలేదు. "దీనికి ఎంత గ్రీజు పూసినా లాభం లేదు, గిన్నెలే మార్చాలి" అన్నాడు ఉస్తాద్. పుత్లీబౌలి విడిభాగాల దుకాణాలలో కొత్తవి తెచ్చాను.

గ్రీజు డబ్బా తెరిచినప్పుడు నాకొక ధర్మసందేహం కలిగింది. పూర్వం కందెనలలో జంతువుల కొవ్వు వాడేవారని విని ఉన్నాను. విచారిస్తే తెలిసినది ఇది. గ్రీజు అంటే సబ్బులో నిలిపిన నూనె. స్పంజిలో నీరువలె నూనె ఆ సబ్బులో ఇమిడి ఉండి, రాపిడి కలిగిన చోట కొద్దికొద్దిగా వెలువడుతుంది. నేడు వాహనాలకు ఎక్కువగా వాడే లిథియం గ్రీజులో ఆ సబ్బుకు మూలం సాధారణంగా ఆముదంనుండి తీసిన ఆమ్లం. మన పాలమూరు, నల్లగొండ చేలలో పండే ఆముదమే! మా తాతగారి కాలంలో ఎడ్లబండి ఇరుసుకు పూసినదీ ఆ ఆముదమే.

ఇరుసు, కందెన అనగానే తెలుగువారికి సుమతీశతకంలోని కరణాల పద్యం స్ఫురిస్తుంది. కందెన లేనిదే సాక్షాత్తు పరమేశ్వరుని బండియైనా సాగదని అందులోని దృష్టాంతం. కార్యాలయాలలో చేయి తడపడాన్ని సమర్థించుకొనడానికే మనవాళ్ళు దానిని ఉదాహరిస్తుంటారు. ఆ దృష్టాంతాన్ని యథాతథంగా తీసుకున్నవారిని నేను చూడలేదు. త్రిపురసంహారంలో భూమియే రథం, సూర్యచంద్రులే చక్రాలు. అంతటి రథానికి సైతం కందెన కావాలంటే, మన నిమ్మకాయలు దానికి బదులవుతాయా?

శ్రుతిలోనూ ఈ విషయం ఉన్నది. సోమయాగంలో హవిర్ధాన శకటాలు రెండు ఉంటాయి. వాటిని తూర్పుగా నడిపే సమయంలో, ఆజ్యమిశ్రమైన ద్రవ్యంతో యజమానపత్ని ఇరుసుకు అంజనం చేస్తుంది. తైత్తిరీయసంహిత షష్ఠకాండలో దీనికి కారణం చెప్పబడింది. ఇరుసు చేసే కిర్రుమనే ధ్వని పరుషవాక్కు; అది యజమానుని గృహంపై ప్రసరించరాదు. పత్నియే ఎందుకు చేయాలంటే, ఆమె సర్వులకూ మిత్రం గనుక. ఈ భాగాన్ని బాల్యంలోనే స్వరసహితంగా కంఠస్థం చేశాను. ఇన్నేళ్ళుగా పారాయణ చేస్తున్నాను. అందులో ఉన్నది నిజమైన ఇరుసు అని, దానికి పూసేది నిజమైన కందెన అని ఒక్కనాడైనా తోచలేదు.

రెండవ ఆదివారం చక్రం బేరింగులో గ్రీజు నింపడం నాకు చేతకాలేదు. పైపైన పూస్తే చాలదు. అరచేతిలో ముద్ద ఉంచుకొని బేరింగు అంచును దానికి ఒత్తుతూ, రెండవ వైపునుండి గ్రీజు బయటికి వచ్చేదాకా నింపాలి. నాది ఎటో పోతున్నది. చూస్తూ నిలబడిన ధర్మపత్ని, "ఇటివ్వండి, పూర్ణం పెట్టడంలాంటిదే కదా" అని తీసుకొని, కట్టు విప్పని మోచేతితోనే రెండు నిమిషాలలో నింపివేసింది. షష్ఠకాండ సంగతి ఆమెకు అప్పుడు చెప్పాను. "అయితే ఇది నా పనే అన్నమాట, ఇన్నాళ్ళూ మీరు చెప్పలేదు" అన్నది.

గ్రీజు ఎక్కడ పూయరాదో కూడా ఉస్తాద్ చెప్పాడు. బ్రేకు డ్రమ్ములో, బ్రేకు షూలమీద చుక్క పడినా బ్రేకు పట్టదు. హబ్బులో అవసరానికి మించి కూరితే వేడెక్కుతుంది. గొలుసుకు గ్రీజు దట్టిస్తే దుమ్మంతా అంటుకొని సానరాయిలా పళ్ళచక్రాలను అరగదీస్తుంది, నూనె చాలు. గొలుసు లింకు క్లిప్పు మూసి ఉన్న కొన గొలుసు కదిలే దిశకే ఉండాలి. కంఠభాగం బిగించాక ముందుచక్రాన్ని పైకెత్తి వేలితో తాకితే, హ్యాండిలు తనంతట తాను ఇరువైపులకూ వాలాలి. మూడుసార్లు విప్పి బిగించాక అది వాలింది. చేతులు కొబ్బరినూనె, సున్నిపిండితో రుద్దుకున్నాను. గోళ్ళసందులది పోలేదు; దాని ఫలమే ఆ సాయంకాలపు ప్రశ్న.

ఇప్పుడు పెద్దల ఆక్షేపణకు వస్తాను. జననమరణాదులవల్ల కలిగే ఆశౌచం వేరు, శరీరానికి అంటే మాలిన్యం వేరు. రెండవది కడిగితే పోతుంది. దీపపుకుందులు తోమినప్పుడు నా చేతికి అంటేదీ నూనెజిడ్డే, మసియే. అప్పుడు ఎవరూ అడగలేదు. ఆక్షేపణ నలుపు గురించి కాదని, ఆ పని ఎవరిదన్న భావన గురించేనని నా అభిప్రాయం. శకటపు ఇరుసును యజ్ఞాంగంగా భావించిన సంప్రదాయంలో పుట్టి, ఇరుసు ముట్టుకొనేవాణ్ణి వీధిలో నిలబెట్టే స్థితికి మనం ఎప్పుడు వచ్చామో పెద్దలే ఆలోచించాలి. నా దోషం అంతకంటె పెద్దది. ముప్ఫై ఏళ్ళుగా వాహనపూజలు చేసి దక్షిణ స్వీకరించాను. "బ్రేకులు చూపించావా నాయనా?" అని ఒక్కరినీ అడగలేదు.

గతవారం ఒక యువకుడు, తండ్రితోకూడా, పాత బండి కొని పూజకు తెచ్చాడు. కుంకుమ పళ్ళెం ప్రక్కన ఉంచి, ముందుచక్రం ఎత్తి హ్యాండిలు తాకాను. మధ్యలో పట్టివేసింది. పూజ తరువాత, ముందు కోన్‌సెట్ మార్పించుకొని రమ్మన్నాను. ముహూర్తం దాటిపోతున్నదని తండ్రి ఆగ్రహించాడు; వేరే ఆలయాలున్నాయని కూడా అన్నాడు. అబ్బాయి మాత్రం హ్యాండిలును తానే రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూచుకున్నాడు. ఇంకా తిరిగి రాలేదు. వారు తెచ్చిన నిమ్మకాయలు రెండూ మా పళ్ళెంలోనే ఉన్నాయి.